మన ఊళ్ల గురించి, మన మాటలో: ఏం చదవాలి, ఏం చూడాలి, ఏం వినాలి?

పొందూరు_పాసింజర్
ఇల్లు ఆమదాలవలస, ఉద్యోగం విజయనగరం. రోజూ రైల్లోనే పోవడం, రావడం. సీటు దొరికితే చదువుకోవచ్చు, దొరక్కపోతే చెవిలో ఏదో ఒకటి పెట్టుకుని నిలబడాలి. ఇన్నాళ్లూ ఆ టైమంతా రీల్స్‌కే పోయింది. ఇక మానేద్దామనుకుంటున్నాను.

అసలు సంగతి వేరే ఉంది. ఈమధ్య మా ఆఫీసుకి వేరే జిల్లా నుంచి బదిలీ మీద ఒకాయన వచ్చారు. నేను ఫోన్లో మా అమ్మతో మాట్లాడుతుంటే విని, "అచ్చం సినిమాలో కమెడియన్‌లా ఉందండీ మీ మాట" అన్నారు. సరదాకే అన్నారు. నాకు మాత్రం లోపల ఎక్కడో గుచ్చుకుంది. ఆలోచిస్తే నేను చూసిన సినిమాల్లో మన ఉత్తరాంధ్ర యాస మాట్లాడేది పనివాడో, వాచ్‌మనో, నవ్వించడానికి పెట్టిన మనిషో. మనలా మాట్లాడుతూ ప్రేమించేవాళ్లు, అప్పులు తీర్చేవాళ్లు, ఎదురుతిరిగేవాళ్లు ఎక్కడా కనబడరు. రాసినవాళ్లు, తీసినవాళ్లు ఎవరూ లేరా?

నేను ఇంగ్లిష్ మీడియం. తెలుగు చదవగలను గానీ నెమ్మది. గురజాడ అంటే స్కూల్లో చెప్పిన 'దేశమును ప్రేమించుమన్నా' ఒక్కటే తెలుసు. చదివేవి చిన్నవైతే మంచిది, వినేవి ఫోన్లో దొరకాలి, చూసేవి రాత్రి అమ్మానాన్నలతో కూర్చుని చూడగలిగేలా ఉండాలి. చెప్పండి.

బొంకులదిబ్బ_బాబు
గురజాడ కన్యాశుల్కం. ఇంకేమీ అక్కర్లేదు. మొదటి అంకం మొదలయ్యేదే విజయనగరం బొంకులదిబ్బలో. మీరు రోజూ దిగే ఊరే.

పాలకొండ_పిల్ల
@బొంకులదిబ్బ_బాబు, ఆవిడ నెమ్మదిగా చదువుతానన్నారు, చిన్నవి అడిగారు. మీరు ఏడంకాల నాటకం చేతిలో పెట్టారు. రెండో పేజీకే మళ్లీ రీల్స్‌లోకి వెళ్లిపోతారు.

బొంకులదిబ్బ_బాబు
నాటకమంటే మాటలే కదమ్మా. వర్ణనలు లేవు, పెద్ద పెద్ద వాక్యాలు లేవు. గిరీశం నోరు తెరిచాడంటే మన చేతిలో పుస్తకం ఆగదు.

టెక్కలి_మాస్టారు
పాలకొండ అమ్మాయి చెప్పింది సబబు. కన్యాశుల్కం తప్పక చదవాలి, మొదట మాత్రం కాదు. నేను చాలా ఏళ్లు తెలుగు చెప్పాను. పిల్లల్ని ఆ నాటకంలోకి నేరుగా తోసేస్తే బెదిరిపోతారు. ముందు చాసోతో మొదలుపెట్టండి.

చాసో అంటే చాగంటి సోమయాజులు. 1915లో శ్రీకాకుళంలో పుట్టారు, బతుకంతా విజయనగరంలో గడిపారు. కాబట్టి రెండు జిల్లాలవాళ్లూ మావాడేనని పోట్లాడుకోవచ్చు. ఆయన కథలు చాలావరకు నాలుగైదు పేజీలు. మీరు పొందూరులో మొదలుపెడితే చీపురుపల్లి వచ్చేసరికి ఒకటి అయిపోతుంది. ఆ తర్వాత నెల్లిమర్ల దాకా మీరు కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు, అది వేరే విషయం.

మొదట 'కుంకుడాకు' చదవండి. రాలిన ఆకులు ఏరుకునే పేదింటి పిల్ల గవిరి కథ. ఆ పిల్ల మాట్లాడే తీరు చూడండి. రచయిత ఎక్కడా ఆ పిల్ల మీద జాలిపడమని మనల్ని అడగడు, నవ్వమనీ అడగడు. ఆ పిల్లకి తన మాట తనది, తన పౌరుషం తనది. మీరు వెతుకుతున్నది సరిగ్గా అదే అనుకుంటాను. తర్వాత 'ఎంపు'. బిచ్చమెత్తుకుని బతికే మనుషుల మధ్య పెళ్లి సంబంధం మాట. తండ్రీ కూతురూ వాదించుకుంటారు, అంతే కథ. ఆ వాదనలో ఉన్న లోకజ్ఞానం పెద్ద పెద్ద నవలల్లో కూడా దొరకదు.

గజపతినగరం_గుంటడు
మాస్టారూ, 'వాయులీనం' వదిలేశారే. భార్య జబ్బు పడితే ఇంట్లో ఉన్న ఆవిడ వయోలిన్ అమ్మాల్సొస్తుంది. నేను అది ఇంటర్‌లో చదివాను, ఇప్పటికీ ఆ చీర సంగతి తలుచుకుంటే గొంతు పట్టేస్తుంది.

టెక్కలి_మాస్టారు
చీర సంగతి చెప్పేయకండి బాబూ, చదవనీయండి.

రైలుబండి_రమణ
నేనూ అదే పాసింజర్‌లో వస్తాను మేడమ్, చీపురుపల్లిలో ఎక్కుతాను. సీటు గురించి పెద్దగా ఆశ పెట్టుకోకండి. వినే లిస్టే ముందు తయారుచేసుకోండి.

రాజాం_రాత్రిడ్యూటీ
వినడం గురించి నేను చెప్తాను. నాది నైట్ డ్యూటీ, చేతులకి పనుంటుంది, చెవులకి ఉండదు. యూట్యూబ్‌లో కిరణ్‌ప్రభ గారి టాక్ షోలు వినండి. రచయితల జీవితాలు, వాళ్ల పుస్తకాల గురించి ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్పినట్టు చెప్తారు. ఒక రచయిత గురించి అక్కడ విని, తర్వాత పుస్తకం పట్టుకుంటే చదవడం సగం తేలికైపోతుంది. నెమ్మదిగా చదివేవాళ్లకి ఇది బాగా పనికొస్తుంది.

కథలే చదివి వినిపించేవి కావాలంటే 'హర్షణీయం' పాడ్‌కాస్ట్ ఉంది, 'దాసుభాషితం' యాప్ ఉంది. యాప్‌లో కొన్నిటికి డబ్బు కట్టాలి. పెట్టినదానికి విలువే.

కోట_జంక్షన్
వినడం చదవడం ఒకటి కాదు. చదివేటప్పుడు ఒక వాక్యం దగ్గర ఆగి వెనక్కి పోతాం. వినేటప్పుడు అది మనల్ని లాక్కుపోతుంది. అదీ పక్కన ఎవరో పల్లీలు అమ్ముతుంటే ఏం ఎక్కుతుంది బుర్రకి?

రాజాం_రాత్రిడ్యూటీ
అన్నా, మన తాతలు అక్షరం ముక్క రాకుండానే రామాయణం మొత్తం చెప్పేవారు. ఎలా వచ్చింది? హరికథలు విని, జముకుల కథలు విని. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు పుట్టిన అజ్జాడ మన దగ్గరిదే. వినడం మనకి తక్కువ పనేమీ కాదు.

కోట_జంక్షన్
హరికథలో దాసుగారు ఎదురుగా ఉంటారు, మనం నిద్రపోతే గద్దిస్తారు. ఫోన్ గద్దించదు కదా. సరే, ఈ ఒక్క మాటకి ఒప్పుకుంటున్నాను: వినడం మొదలుపెట్టినవాళ్లు తర్వాత చదువుతారు.

సోంపేట_కెరటం
సినిమాల సంగతి ఎవరూ ఎత్తలేదే. 'తండేల్' చూడండి. 2025 ఫిబ్రవరిలో వచ్చింది. 2018లో గుజరాత్ తీరంలో చేపల వేటకెళ్లి పాకిస్తాన్‌కి చిక్కిన మన శ్రీకాకుళం మత్స్యకారుల సంగతి ఆధారంగా తీశారు. 2020 జనవరిలో వాళ్లు వాఘా దగ్గర వెనక్కొచ్చిన రోజు మా ఊళ్లో టీవీల ముందు నుంచి ఎవరూ లేవలేదు.

సినిమాలో ప్రేమకథ ఎక్కువ, పాటలు ఎక్కువ. సముద్రం మీద పని ఎలా ఉంటుందో నేనైతే ఇంకా చూపించమనేవాణ్ణి. మావాళ్లు గుజరాత్‌లోని వెరావల్ ఎందుకు పోతారో తెలుసా? ఇక్కడ జెట్టీలు లేక, వేట గిట్టక. అక్కడ బోటు ఎక్కితే నెలల తరబడి నీళ్ల మీదే. ఆ బాధ సినిమాలో కొంచెమే వచ్చింది. అయినా ఒకటి నచ్చింది. అందులో మన మాట మాట్లాడేది హీరో, హీరోయిన్. నవ్వించడానికి కాదు. మగవాళ్లని వెనక్కి తెచ్చుకోడానికి ఆడవాళ్లు తిరిగే భాగం మా అమ్మ ఏడుస్తూ చూసింది.

పాలకొండ_పిల్ల
యాస మాత్రం అక్కడక్కడా జారిపోయింది. ఒక సీన్లో మనది, ఇంకో సీన్లో ఎక్కడిదో.

సోంపేట_కెరటం
జారింది, నిజమే. ఒక పెద్ద హీరో సినిమా అంతా మన మాట మాట్లాడ్డానికి ప్రయత్నించాడు. దానికి నేను మార్కులేస్తాను.

జీడితోట
'పలాస 1978' కూడా రాసుకోండి. 2020. కరుణకుమార్ దర్శకుడు. జానపద కళాకారుల ఇంట్లో పుట్టిన అన్నదమ్ములు, కులం, జీడిపప్పు వ్యాపారం చుట్టూ పెత్తనాలు. మాట అచ్చం మా ఊరి మాటే. 'నాది నక్కిలీసు గొలుసు' పాట ఊరూరా ఎలా మోగిందో గుర్తుందా? ఆ పాటకి చిందేసిన సగం మందికి సినిమా దేని గురించో తెలీదు.

అరసవల్లి_అక్క
@జీడితోట, అమ్మానాన్నలతో చూడాలన్నారు ఆవిడ. అందులో నరుక్కోవడాలు బాగా ఉన్నాయి. మా అమ్మ సగంలో లేచి వెళ్లిపోయింది.

జీడితోట
మా నాన్న చివరిదాకా చూశాడు అక్కా. ఆ రోజులు కళ్లారా చూసినవాడు. సినిమా అయ్యాక రాత్రి ఒంటిగంట దాకా పాత సంగతులు చెప్తూ కూర్చున్నాడు, అంతకుముందెప్పుడూ మాతో అలా మాట్లాడలేదు. పెద్దవాళ్లు తట్టుకోలేరని మనమే అనుకుంటాం.

అరసవల్లి_అక్క
ఇంటిని బట్టి ఉంటుంది తమ్ముడూ. పొందూరు గారూ, ముందు మీరు ఒక్కరే చూసి తర్వాత తేల్చుకోండి. ఇంటిల్లిపాదీ కూర్చోవాలంటే 'కేరాఫ్ కంచరపాలెం' పెట్టండి. 2018. విశాఖది అయినా మాట మనకి దగ్గరే. ఎక్కువమంది ఆ పేటలో ఉండే మామూలు మనుషులే నటించారు, అందుకే ఎవరూ నటిస్తున్నట్టు ఉండదు.

బొంకులదిబ్బ_బాబు
ఇంటిల్లిపాదీ అంటే 1955 కన్యాశుల్కం సినిమా. ఎన్టీఆర్ గిరీశం, సావిత్రి మధురవాణి. ముందు అది చూడండి, ఎవరెవరో తెలుస్తారు, తర్వాత నాటకం చదివితే ఒక్కొక్కరి మాట ఆ గొంతుల్లోనే వినిపిస్తుంది. చూశారా, తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చారు.

కోట_జంక్షన్
సినిమా మంచిదే కానీ నాటకంలో ఉన్నదాంట్లో చాలా పోయింది. పైగా గిరీశం అంటే అందరికీ ఎన్టీఆర్ అయిపోయాడు. చదివితే గిరీశం అంత అందగాడిలా అనిపించడు నాకు. మాటలతో బతికేసే మనిషి, అంతే.

సాలూరు_సుస్వరం
ఆ సినిమాకి సంగీతం ఘంటసాల. ఆయన సంగీతం నేర్చుకున్నది విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో. మన సాలూరుకి చెందిన పట్రాయని సీతారామశాస్త్రి గారు ఆయన్ని శిష్యుడిగా చేరదీశారు. పూటకో ఇంట్లో మధుకరం ఎత్తుకుని తింటూ చదువుకున్నారు ఘంటసాల.

పాటల విషయానికొస్తే మీరు యాస పాటలు అడిగారు, నేను ఊరి పాటలు చెప్తాను. పి.సుశీల పుట్టింది విజయనగరంలో, 1935లో. సాలూరి రాజేశ్వరరావు గారిది మా సాలూరు పక్క శివరామపురం. ఆయన సంగీతం చేసిన 'మల్లీశ్వరి' (1951) ఒక ఆదివారం రాత్రి ఇంట్లో పెట్టండి. అమ్మానాన్నలు కదలరు.

ఇంకొకటి ఉంది, మాటలే లేనిది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయోలిన్. 1919లో సంగీత కళాశాల మొదలైనప్పుడు నారాయణదాసు గారు ప్రిన్సిపాల్, ద్వారం వారు వయోలిన్ అధ్యాపకులు. తర్వాత ఈయనే ప్రిన్సిపాల్ అయ్యారు. పాత రికార్డులు యూట్యూబ్‌లో దొరుకుతాయి. గరగర శబ్దం వెనక నుంచి కమాను ఎంత నెమ్మదిగా కదులుతుందో వినండి. ఒక స్వరం మీంచి ఇంకో స్వరానికి జారేటప్పుడు మనిషి గొంతే అనిపిస్తుంది. రైలు రొదలో వద్దు, ఇంట్లో వినండి. విజయనగరంలో సాయంత్రం ఖాళీ దొరికితే కాలేజీ వైపు ఒకసారి నడవండి, లోపల ఎవరో ఒకరు సాధన చేస్తుంటారు.

గజపతినగరం_గుంటడు
సాలూరు గారూ, శాస్త్రీయం తెలియనివాళ్లకి మరి? నాకు పది నిమిషాల్లో నిద్రొచ్చేస్తుంది.

సాలూరు_సుస్వరం
రానీ నాయనా, మంచి నిద్రే. నాలుగోసారికి రాదు.

తోటపల్లి_కాలవ
వంగపండు పేరు రాకుండా ఇంత దూరం వచ్చేశారా! 'ఏం పిల్లడో ఎల్దమొస్తవ' వినండి. మా పిల్లలకి అది 'మగధీర' పాటగానే తెలుసు. 2009లో ఆ సినిమా వాళ్లు పల్లవి తీసుకుని మిగతాది వేరేగా రాసుకున్నారు. అసలు పాటలో శ్రీకాకుళం కొండలున్నాయి, పోరాటం ఉంది. వంగపండు ప్రసాదరావు గారిది పార్వతీపురం దగ్గర పెదబొండపల్లి. 2020 ఆగస్టులో పోయారు. ఆయన స్వయంగా గజ్జె కట్టి పాడిన వీడియోలు వెతకండి. వేరేవాళ్లు పాడినవి వద్దు. ఆయన పాడుతున్నప్పుడు ఆ భుజం ఎగరేయడం, మాట మధ్యలో ఆ విరుపు, అవి ఇంకెవరికీ రావు.

రైలుబండి_రమణ
'యంత్రమెట్లా నడుస్తు వున్నదంటే' కూడా. రైల్లో వినడానికి అంతకన్నా ఏం కావాలి.

నెల్లిమర్ల_మిల్లు
మా నాన్న జూట్ మిల్లులో పనిచేసేవాడు. ఆ పాట ఆయనకి మొత్తం నోటికొచ్చు. రమణ గారూ, మంచి పాట గుర్తుచేశారు.

అలమండ_రాజుగోరు
అందరూ ఏడిపించేవే చెప్తున్నారు. కరువు, అప్పు, జబ్బు, పోరాటం. ఆవిడ పనికి పోయేటప్పుడు ఇవన్నీ చదివితే ఆఫీసుకి ఏ మొహంతో వెళ్తారు? మనవాళ్లకి నవ్వడం రాదా?

పతంజలిని చదవండి. కె.ఎన్.వై.పతంజలి, పుట్టింది మా అలమండలో, 1952లో. 'గోపాత్రుడు' చిన్న నవల. భూమి గుండ్రంగా ఉందా బల్లపరుపుగా ఉందా అన్న తగాదా అలమండని రెండు చేసేస్తుంది. కత్తులు, బల్లేలు బయటికొస్తాయి. చదువుతుంటే బండిలో పక్కవాళ్లు మిమ్మల్ని చూస్తారు, అంత గట్టిగా నవ్వొస్తుంది. తర్వాత 'వీరబొబ్బిలి'. రాజుల దివాణంలో కుక్క. దాని దర్జా, దాని మాటలు చూడాలి. 'పిలకతిరుగుడు పువ్వు'లో ఆ భూమి తగాదా కోర్టుకెక్కుతుంది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. పొందూరు గారికి బాధ కలిగింది మన మాట విని ఎవరో నవ్వినందుకు. పతంజలి దగ్గర మన మాటే లోకాన్ని చూసి నవ్వుతుంది. రాజు మీద, పోలీసు మీద, కోర్టు మీద. నవ్వే హక్కు మాట్లాడేవాడి చేతిలో ఉంటుంది.

పొందూరు_పాసింజర్
@అలమండ_రాజుగోరు, ఇది చదివి ఇప్పుడే లేచి కూర్చున్నాను. గోపాత్రుడు ఎక్కడ దొరుకుతుంది?

అలమండ_రాజుగోరు
మనసు ఫౌండేషన్ వాళ్లు పతంజలి సాహిత్యం సంపుటాలుగా వేశారు. 'సింధూరం' సినిమాకి (1997) మాటలు కూడా ఆయనవే, అది మన యాస కాదు గానీ ఆ పదును తెలుస్తుంది.

రైలుబండి_రమణ
ఆ సంపుటాలు రైలుకి తేకండి మేడమ్. ఒళ్లో పెట్టుకుంటే పక్కవాడికి చోటుండదు.

కోట_జంక్షన్
అలమండ గారి మాటలో సగమే ఒప్పుకుంటాను. దుఃఖం వద్దంటే మన సాహిత్యంలో ఏం మిగులుతుంది? కాళీపట్నం రామారావు గారి, అదే కారా మాస్టారి 'యజ్ఞం' పక్కన పెట్టేస్తామా? 1960లలో వచ్చిన కథ. సుందరపాలెం అనే ఊళ్లో అప్పల్రాముడి అప్పు మీద పంచాయితీ. రచ్చబండ దగ్గర ఒక్కొక్కరూ మాట్లాడతారు, ఆ మాటల్లోంచి ఊరు ఊరంతా ఎలా మారిపోయిందో తెలుస్తుంది. రోడ్డు పడింది, స్కూలొచ్చింది, బోర్లు వచ్చాయి. అప్పల్రాముడు మాత్రం కూలైపోయాడు. అభివృద్ధి గురించి ఎన్ని పుస్తకాలు చదివినా నాకు అర్థం కానిది ఆ పంచాయితీ చదివితే అర్థమైంది. ఇక చివర

టెక్కలి_మాస్టారు
చివర చెప్పొద్దు!

కోట_జంక్షన్
చెప్పట్లేదు మాస్టారూ, వాక్యమే ఆపేశాను. ఆ చివర మీద తెలుగువాళ్లు దశాబ్దాలు వాదించుకున్నారు. చదివి మీరూ వాదించండి.

అరసవల్లి_అక్క
కారా మాస్టారిది మొదట యజ్ఞం వద్దు, పెద్ద కథ, బరువైన కథ. 'జీవధార' చదవండి. నీళ్లు లేక వాడలో ఆడవాళ్లు బిందెలు పట్టుకుని పెద్దింటి గేటు ముందుకి వెళ్తారు. ప్రతి వేసవిలో కుళాయి దగ్గర మేం చేసేదే. ఆడవాళ్లు గుంపుగా ఉన్నప్పుడు ఎలా మాట్లాడుకుంటారో, ఒకత్తె వెనక్కి తగ్గితే ఇంకొకత్తె ఎలా ముందుకి తోస్తుందో ఆ మాస్టారికి ఎలా తెలిసిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

పాలకొండ_పిల్ల
అక్కా, ఆడవాళ్ల మాట ఎత్తావు కాబట్టి. ఇంత పెద్ద చర్చలో ఒక్క రచయిత్రి పేరైనా వచ్చిందా? ద్వివేదుల విశాలాక్షి గారు పుట్టింది విజయనగరం. 'వైకుంఠపాళి' నవల చదవండి, మధ్యతరగతి ఇంటి లోపల నడిచే కథ, భాష కూడా తేలిక, నెమ్మదిగా చదివేవాళ్లకి హాయిగా ఉంటుంది. చాసో గారి అమ్మాయి చాగంటి తులసి గారు కూడా కథలు రాశారు. మా అమ్మమ్మ తరం ఆడవాళ్లు మధ్యాహ్నం పూట చదువుకున్న ఇలాంటి నవలల్ని మనం చిన్నచూపు చూస్తాం. వాళ్లకి చదువు మీద ప్రేమ పుట్టించింది అవే.

గజపతినగరం_గుంటడు
ఇన్ని పేర్లు చెప్పారు, ఎక్కువమంది పోయినవాళ్లే. మన కాలం గురించి రాసినవాళ్లు లేరా? ఫార్మా కంపెనీలు, హైదరాబాదు వలసలు, తుపాన్లు?

తోటపల్లి_కాలవ
అట్టాడ అప్పల్నాయుడు కథలు చదువు. 'పునరుత్థానం' నవల కూడా. గంటేడ గౌరునాయుడు గారి 'ఏటిపాట' కథలు. 'పాడుదమా స్వేచ్ఛాగీతం' పాట బళ్లో పాడే ఉంటావు, అది రాసింది ఆయనే. చోడవరం వైపు మాటలో కావాలంటే చింతకింది శ్రీనివాసరావు 'దాలప్ప తీర్థం', అందులో వాక్యమంతా యాసలోనే నడుస్తుంది. 1990 నుంచి కథాసాహితి వాళ్లు ఏటా 'కథ' పేరుతో ఆ ఏడు మంచివి ఏరి పుస్తకం వేస్తున్నారు. ఏ ఏడాది పుస్తకం తిరగేసినా మనవాళ్లు కనిపిస్తారు.

కోట_జంక్షన్
రావిశాస్త్రి? 1922లో శ్రీకాకుళంలో పుట్టిన మనిషిని అందరూ వైజాగ్‌కి రాసిచ్చేశారా?

టెక్కలి_మాస్టారు
రావిశాస్త్రి గారిని నేనే ఆపి ఉంచాను. 'ఆరు సారా కథలు' చాలా గొప్పవి. మద్య నిషేధం రోజుల్లో పోలీసు, లాయరు, సారా అమ్మే మనిషి, ముగ్గురి నోళ్లూ ఆయనకి తెలుసు, వృత్తి వకీలు కాబట్టి. కానీ ఆయన వాక్యం సుళ్లు తిరుగుతుంది, ఉపమానం మీద ఉపమానం వస్తుంది. చదవడంలో కాస్త పట్టు దొరికాక చదవాలి. 'అల్పజీవి' ఇంకా తర్వాత.

కోట_జంక్షన్
నాకు పదో తరగతిలో 'అల్పజీవి' ఇచ్చారు మా మావయ్య. ఏమీ అర్థం కాలేదు, వదల్లేకపోయాను కూడా. కష్టమైనది ముందు ఇస్తే పాడైపోరు మాస్టారూ.

టెక్కలి_మాస్టారు
మీకు మావయ్య ఉన్నారు పక్కన. ఈ అమ్మాయి రైల్లో ఒక్కత్తే చదువుకోవాలి.

లైన్లోఉన్నా
అన్నీ పీడీఎఫ్‌లు ఉన్నాయి నా దగ్గర. డ్రైవ్ లింక్ పెడతాను, ఎవరికి కావాలి?

పాలకొండ_పిల్ల
దయచేసి వద్దు. కొన్నవాళ్లు లేకే కదా మన పుస్తకాలు రెండో ముద్రణకి నోచుకోవట్లేదు.

లైన్లోఉన్నా
దొరకని పుస్తకాలు ఎలా కొంటాం చెప్పండి? నేను ఒక ఆన్‌లైన్ షాపులో ఆర్డర్ పెడితే నెల తర్వాత స్టాకు లేదని డబ్బు వెనక్కిచ్చారు. అప్పుడే ఈ స్కాన్లు దించాను.

టెక్కలి_మాస్టారు
ఇద్దరి బాధా నిజమే. గురజాడ పోయింది 1915లో, ఆయన రచనల మీద ఎవరికీ హక్కుల్లేవు. కన్యాశుల్కం తెలుగు వికీసోర్సులో ఉచితంగా ఉంది, ఫోన్లో అక్షరం పెద్దది చేసుకుని చదువుకోవచ్చు. మిగతా కథలకి శ్రీకాకుళంలో ఉన్న కథల గ్రంథాలయం, కథానిలయం వెబ్‌సైట్ చూడండి. కథ పేరో, రచయిత పేరో కొడితే ఏ పత్రికలో, ఎప్పుడు వచ్చిందో చూపిస్తుంది. చాలా కథలకి ఆ పాత పత్రిక పేజీలే కనిపిస్తాయి.

అసలు మీరు శ్రీకాకుళానికి అంత దగ్గర్లో ఉండి కథానిలయం చూడకపోతే ఎలా? కారా మాస్టారు తనకి వచ్చిన అవార్డుల డబ్బు కూడా పెట్టి 1997 ఫిబ్రవరి 22న దాన్ని తెరిచారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒక చోట ఉండాలన్నది ఆయన పట్టుదల. గోడల మీద కథకుల ఫొటోలు, బీరువాల నిండా పత్రికలు, సంకలనాలు. నేను వెళ్లినప్పుడు ఒక పాత పత్రిక బైండు తీసి ఇచ్చారు. కాగితం గోధుమరంగుకి తిరిగి, అంచులు ముట్టుకుంటే రాలిపోతున్నాయి. కథ పక్కన తలనూనె ప్రకటన, కింద పాఠకుడెవరో పెన్సిలుతో గీసిన గీత. ఆ కథ మొదటిసారి చదివిన మనిషి చేతి గుర్తు అది. ఫోన్లో ఇది దొరకదు. కారా మాస్టారు 2021లో వెళ్లిపోయారు, ఆ ఇల్లు ఉంది. వెళ్లండి, ముందు ఫోన్ చేసి వెళ్లండి.

బొబ్బిలి_వీణ
అన్నీ ఫోన్లోనే కాదు, నేరుగా చూడాల్సినవి కూడా రాసుకోండి. మన వైపు తీర్థాల్లో తప్పెటగుళ్లు ఇంకా ఆడుతున్నారు. గుండెల మీద తప్పెట, కాళ్లకి గజ్జెలు. ఒకరి భుజాల మీద ఒకరెక్కి గోపురంలా నిలబడి కూడా దరువు తప్పరు. వీడియోలో సగం కూడా తెలీదు, ఆ దరువు నేల మీంచి మన కాళ్లలోకి ఎక్కాలి. దసరా వెళ్లాక పైడితల్లి సిరిమానోత్సవం రోజుల్లో విజయనగరంలోనే దొరుకుతాయి. ఇక మా బొబ్బిలి వస్తే గొల్లపల్లిలో వీణలు చేసేచోటికి రండి, ఒక్క పనస దుంగనే తొలిచి వీణంతా తీస్తారు.

కోట_జంక్షన్
@బొంకులదిబ్బ_బాబు, మిమ్మల్ని ఒకటి అడగాలి. కన్యాశుల్కంలో మాట్లాడేది ఎక్కువగా అగ్రహారం మాట. రైతుల మాట, కూలీల మాట కాదు. ఈవిడ అడిగిన 'మన మాట' అదేనా?

బొంకులదిబ్బ_బాబు
అసిరిగాడున్నాడు, సారా దుకాణంలో జనం ఉన్నారు, పోలీసు ఉన్నాడు, పూటకూళ్లమ్మ ఉంది. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడినప్పుడు, నాటకమంటే పద్యాలూ గ్రాంథికమూ అనుకునే రోజుల్లో, వీధిలో మాట్లాడే మాటని స్టేజీ ఎక్కించారు. ఆ ధైర్యం లేకపోతే మీరు చెప్పిన చాసో ఎక్కడ, పతంజలి ఎక్కడ? అన్ని నోళ్లూ ఒక్క నాటకంలో పట్టవు కోట గారూ. 1909లో మళ్లీ పెంచి రాసినప్పుడు వీలైనన్ని పట్టించారు.

కోట_జంక్షన్
ఇది బాగా చెప్పారు.

పొందూరు_పాసింజర్
ఇంతమంది ఇన్ని చెప్తారనుకోలేదు. రెండు వారాలు ఆగి రాస్తున్నాను.

'కుంకుడాకు' చదివాను. రెండుసార్లు. మొదటిసారి అక్షరాలు కూడబలుక్కుంటూ, రెండోసారి మామూలుగా. రెండోసారికి గవిరి గొంతు మా పక్కింటి గుంటదాని గొంతులా వినిపించింది. తర్వాత 'జీవధార'. అక్కా, మీరన్నట్టే ఉంది, గేటు దగ్గర ఆ తోపులాట దగ్గర నేను దిగాల్సిన స్టేషన్ వచ్చేసింది, ప్లాట్‌ఫామ్ మీద నిలబడి పూర్తిచేసి ఆఫీసుకి ఆలస్యంగా వెళ్లాను. 'ఎంపు' విషయంలో మాత్రం మాస్టారితో ఒప్పుకోను. ఆ తండ్రి చెప్పింది లోకజ్ఞానమే కావచ్చు, నాకు ఆ పిల్ల తరఫునే కోపం వచ్చింది.

వంగపండు పాటలు వింటున్నాను. అమ్మకి వినిపిస్తే, చిన్నప్పుడు వాళ్ల ఊరికి దళం వచ్చి పాడేవారని ఆవిడే ఒక పాట అందుకుంది. నాకు తెలియని పాట. అది ఫోన్లో రికార్డు చేశాను. ద్వారం వారి వయోలిన్ ఇంకా ఎక్కట్లేదు, మళ్లీ ప్రయత్నిస్తాను. 'మల్లీశ్వరి' చూశాం. నాన్న ప్రతి పాటకీ ముందే పల్లవి అందుకుని మమ్మల్ని విననివ్వలేదు.

టెక్కలి_మాస్టారు
'ఎంపు' మీద కోపం రావడం చాలా మంచి లక్షణం. ఆ కోపంతోనే ఇంకోసారి చదవండి, నాకు మీ వాదన కావాలి. అమ్మగారు పాడిన పాట మాత్రం జాగ్రత్తగా దాచండి. ఎవరు నేర్పారో, ఏ ఊళ్లో విన్నారో కూడా అడిగి రాసి పెట్టండి.

సాలూరు_సుస్వరం
వీలైతే ఆ పాట ఇక్కడ పెట్టండి, అమ్మగారు సరేనంటేనే.

పొందూరు_పాసింజర్
అడుగుతాను. ఇప్పటికి సిగ్గుపడుతోంది.

బొంకులదిబ్బ_బాబు
అంతా బాగుంది. కన్యాశుల్కం ఎప్పుడు మొదలుపెడుతున్నారు?

పొందూరు_పాసింజర్
గోపాత్రుడు అయ్యాక. రమణ గారి దగ్గర విడి పుస్తకం ఉందట, సోమవారం చీపురుపల్లిలో తెచ్చిస్తానన్నారు.

అలమండ_రాజుగోరు
భూమి బల్లపరుపే!

బొంకులదిబ్బ_బాబు
డామిట్, కథ అడ్డంగా తిరిగింది.